ముగింపు ఒక్కటే అయితే ఎంపిక అబద్ధమా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వీడియో గేముల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. టెల్‌టేల్ గేమ్స్ సంస్థ తీసుకొచ్చిన ఆటల గురించి అందులో గట్టి తీర్పే ఇచ్చారు. ఆడేవాళ్లకు ఎంచుకునే హక్కు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఏది ఎంచుకున్నా కథ చివరికి ఒకేచోటికి చేరుతుంది, కాబట్టి ఆ ఎంపికంతా బూటకం అన్నారు. వ్యాసకర్త ఆ ఆటలు ఓపికగా ఆడారని తెలుస్తూనే ఉంది. అయినా ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు. నేను ఇరవై ఆరేళ్లు కోర్టులో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆటలు నా రంగం కాదు. కానీ ప్రశ్నకూ జవాబుకూ మధ్య మనిషిలో ఏం జరుగుతుందో రోజంతా చూడటమే నా ఉద్యోగంగా గడిచింది. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కథలోని ముఖ్యమైన మలుపులు ఇందులో బయటపెట్టక తప్పదు. ఆట ఇంకా ఆడనివాళ్లు, ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు లాప్‌టాప్ నా ముందు పెట్టి, "అమ్మా, ఇది నువ్వు ఆడాలి. ఎక్కడ నొక్కాలో నేను చూపిస్తాను. నిర్ణయాలు మాత్రం నువ్వే తీసుకోవాలి" అంది. ఆ ఆట పేరు ది వాకింగ్ డెడ్. రాబర్ట్ కిర్క్‌మన్ రాసిన కామిక్ పుస్తకాల హక్కులు తీసుకుని టెల్‌టేల్ చేసిన ఆట అది. 2012 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఐదు భాగాలుగా వచ్చింది. చచ్చినవాళ్లు లేచి తిరిగే కథ అనగానే నాకు ఆసక్తి పోయింది. తను పట్టుబట్టింది కాబట్టి కూర్చున్నాను.

మొదటి దృశ్యంలో ఒక పోలీసు కారు. వెనక సీట్లో బేడీలతో లీ ఎవరెట్ అనే మనిషి. ఒకప్పుడు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినవాడు. ఇప్పుడు హత్య కేసులో శిక్ష పడి జైలుకు వెళుతున్నాడు. కారు నడుపుతున్న పెద్దాయన, నువ్వు ఆ పని చేసి ఉండవనిపిస్తోంది అంటూ మాట కలుపుతాడు. తెర కింద నాలుగు జవాబులు వస్తాయి. వాటితోపాటే ఒక గీత కనిపిస్తుంది. అది క్షణక్షణానికీ కుంచించుకుపోతుంటుంది. ఆ గీత అయిపోయేలోగా ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ నాలుగింటిలో ఒకటి చాలాసార్లు మూడు చుక్కలే. ఏమీ మాట్లాడకపోవడమన్నమాట.

ఆ మూడు చుక్కలు చూడగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. కోర్టులో సాక్షి జవాబు చెప్పకపోతే అదీ రాసుకుంటాం. "సాక్షి మౌనంగా ఉన్నారు" అని రికార్డులోకి ఎక్కుతుంది. కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి ఆ వాక్యం వదిలేసి టైపు చేశాను. పెద్దాయన ఒకరు పిలిచి, ఆ మౌనం ఎక్కడ పోయింది అని అడిగారు. ఆ తర్వాత ఒక్క మౌనాన్ని కూడా నేను వదల్లేదు. అలాంటిది, మౌనాన్ని కూడా ఒక జవాబుగా లెక్కపెట్టే ఆటను తీసిపారేయడం నావల్ల కాలేదు.

ఇంకో సంగతి కూడా ఆ కారులోనే తేలిపోయింది. లీ ఆ హత్య నిజంగానే చేశాడు. తన భార్యతో సంబంధం పెట్టుకున్న ఒక రాష్ట్ర సెనేటరును చంపాడు. ఆడేవాళ్లు ఎంత తెలివిగా ఆడినా దాన్ని మార్చలేరు. ఆట మొదలయ్యేసరికే నేరం జరిగిపోయింది, శిక్ష పడిపోయింది. మన చేతిలో మిగిలిందల్లా దాని గురించి అతను ఏం చెబుతాడు, ఎవరికి చెబుతాడు, ఎవరి దగ్గర దాస్తాడు అన్నదే. మీ వ్యాసకర్త ప్రతి చోటా, ఈ ఎంపిక వల్ల చివరికి ఏం మారింది అని అడిగారు. అది తీర్పు కోసం వరండాలో ఎదురుచూసేవాళ్లు అడిగే ప్రశ్న. నేను కూర్చున్నది వాంగ్మూలం రాసుకునే బల్ల దగ్గర. అక్కడ కూర్చున్నవాళ్లకు తీర్పు కంటే ముందు చాలా కనిపిస్తుంది.

వ్యాసంలో మొదటి ఉదాహరణగా ఇచ్చిన పొలం దృశ్యమే తీసుకుందాం. లీ, అతను చేరదీసిన ఎనిమిదేళ్ల పాప క్లెమెంటైన్, హెర్షెల్ అనే రైతు దగ్గర తలదాచుకుంటారు. మరుసటి రోజు చచ్చినవాళ్లు కంచె దగ్గరకు వచ్చి పడతారు. హెర్షెల్ కొడుకు షాన్ ట్రాక్టరు కింద ఇరుక్కుంటాడు. అదే క్షణంలో కెన్నీ అనే అతని కొడుకు, డక్ అనే చిన్నపిల్లవాడు, చచ్చి లేచిన ఇంకొకడి చేతికి చిక్కుతాడు. ఎవరి వైపు పరిగెత్తాలి? ఎవరి వైపు వెళ్లినా డక్ బతుకుతాడు, షాన్ చనిపోతాడు. "ఇంకెందుకు అడగడం?" అని వ్యాసకర్త నిలదీశారు.

షాన్ ఎందుకు చనిపోక తప్పదో ఆయన రాయలేదు. హెర్షెల్ ఈ ఆట కోసం పుట్టిన పాత్ర కాదు, కామిక్ పుస్తకాల నుంచి వచ్చినవాడు. ఆ పుస్తకాల్లో హెర్షెల్ కథలోకి వచ్చేసరికే షాన్ చనిపోయి ఉంటాడు. కంచె ముందే వేసి ఉన్న పొలంలోకి టెల్‌టేల్ రచయితలు అడుగుపెట్టారు. మొదటి భాగంలో కనిపించే గ్లెన్‌కూ ఇంతే, అతను మనకు ఎంత నచ్చినా మనతో ఉండిపోడు. పుస్తకాల్లో అతని కోసం వేరే దారి ఎదురుచూస్తోంది. హక్కులు తీసుకుని కథ చెప్పేవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చే ఇబ్బంది. అందరికీ తెలిసిన మనిషిని తీసుకొచ్చి మన ముందు నిలబెట్టవచ్చు, అతని తలరాత మాత్రం ముట్టుకోకూడదు.

ఆ ఇబ్బందితో ఈ రచయితలు చేసిన పని చూడండి. షాన్ చావును మార్చలేరు కాబట్టి, ఆ చావు పక్కన నిలబడ్డ కెన్నీని మనకు కట్టిపడేశారు. నేను షాన్ వైపు పరిగెత్తాను, అతను కాలు కదపలేక అరుస్తున్నాడని. మా అమ్మాయి చిన్నపిల్లవాడి వైపు పరిగెత్తింది. ఆ తర్వాత నెలల తరబడి నడిచే కథలో కెన్నీ ఆమెతో మాట్లాడిన తీరు వేరు, నాతో మాట్లాడిన తీరు వేరు. నీ బిడ్డ ఆపదలో ఉన్నప్పుడు నేను ఇంకో వైపు వెళ్లాను అన్న సంగతి నాకూ కెన్నీకీ మధ్య కూర్చుండిపోయింది. అతను నాతో సూటిగా మాట్లాడకపోతే, ఆ మనిషిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. దీన్ని బూటకం అనడం ఎలా?

రెండో భాగంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. వ్యాసంలో దాని ఊసే లేదు. అందరూ ఒక మోటెల్‌లో తలదాచుకుని మూడు నెలలవుతుంది. ఆ రోజు తిండి పంచే పనిని లిల్లీ అనే ఆమె లీ చేతిలో పెడుతుంది. ఉన్నవి నాలుగు. మనుషులు పది మంది దాకా. ఎవరినీ చంపక్కర్లేదు, ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. ఒక్కొక్కరి దగ్గరకూ నడుచుకుంటూ వెళ్లి ఇవ్వాలి. ఇవ్వని వాళ్ల ముందు నుంచి కూడా నడవాలి.

నేను ఇద్దరు పిల్లలకూ ఇచ్చాను. ఉదయం నుంచి నాతో అడవిలో తిరిగిన మార్క్‌కు ఒకటి ఇచ్చాను. చివరిది లిల్లీ తండ్రి లారీకి ఇచ్చాను. మా అమ్మాయి నివ్వెరపోయింది. ఎందుకంటే మొదటి భాగం చివర్లో లీని చావడానికి వదిలేసి పోయింది ఆ లారీయే. కోపిష్టి, మూర్ఖుడు. కానీ పెద్దవయసులో, గుండె జబ్బుతో, గోడ దగ్గర పని చేస్తున్నాడు. నా చేతిలో ఇంకా ఒకటి ఉండగా అతన్ని దాటి వెళ్లలేకపోయాను. లీకి ఏమీ మిగల్లేదు. మా అమ్మాయి తన వంతులో ఒకటి కెన్నీకి ఇచ్చిందట, లారీకి అసలే ఇవ్వలేదట. ఈ పంపకం వల్ల కథ దారి ఏమీ మారదు. ఎవరూ ఆకలితో చనిపోరు.

అదే భాగం చివర్లో మేమంతా ఒక మాంసం గదిలో బందీలమయ్యాం. లారీకి గుండెపోటు వచ్చింది. చనిపోతే లేచి మీద పడతాడు, ఆ మూసిన గదిలో తప్పించుకునే దారి లేదు. కెన్నీ ఒక పెద్ద ఉప్పు దిమ్మ ఎత్తాడు. లిల్లీ తండ్రి గుండెల మీద నొక్కుతూ, సాయం చేయమని లీని బతిమాలింది. క్లెమెంటైన్ చూస్తోంది. నేను లిల్లీ పక్కన కూర్చుని నొక్కాను. మా అమ్మాయి లిల్లీని పట్టుకుని పక్కకు లాగింది. రెండు ఆటల్లోనూ లారీ చనిపోయాడు. రెండింట్లోనూ ఉప్పు దిమ్మ అతని మీద పడింది. వ్యాసకర్త లెక్కలో ఈ ఎంపిక విలువ సున్నా. నా లెక్క చెబుతాను. ఆ పొద్దున నేను అన్నం పెట్టిన మనిషి అతను. ఆ దిమ్మ పడే క్షణానికి అతను ఇంకా బతికే ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి ఆట ఆపేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. అమ్మాయికీ పట్టలేదు, తనకు వేరే కారణం. లిల్లీ చేతులు పట్టుకుని లాగినందుకు. ఒకే చావు మా ఇద్దరి మీదా వేర్వేరుగా పడింది.

ప్రతి భాగం చివరా ఆట ఐదు నిర్ణయాలను వరసగా చూపిస్తుంది. మీరు ఇలా చేశారు, ఆడినవాళ్లలో ఇంత శాతం మంది ఇలాగే చేశారు అని. ఆ పట్టిక నాకు అమితంగా నచ్చింది. అందులో మార్కులు లేవు, ఇది ఒప్పు ఇది తప్పు అన్న మాట ఎక్కడా లేదు. అచ్చం రికార్డులాగే ఉంటుంది. ఆట మధ్యలో తెర మూల మీద, "క్లెమెంటైన్ ఇది గుర్తుంచుకుంటుంది" అని కనిపించే వాక్యం కూడా అలాంటిదే. పిల్ల పక్కన ఉండగా మనం అన్న మాట ఎక్కడికీ పోలేదని చెబుతుంది. అంతకంటే భయపెట్టే వాక్యం నేను ఏ చచ్చినవాడి నోటా వినలేదు.

వ్యాసంలోని రెండో ఉదాహరణ, లీ గుంపులోని కార్లీ, డగ్ అనే ఇద్దరిది. మొదటి భాగంలో ఇద్దరిలో ఒకరినే కాపాడగలం. కాపాడిన మనిషిని మూడో భాగంలో లిల్లీ కాల్చేస్తుంది. "అంటే ఎవరిని కాపాడినా ఒకటే" అని రాశారు. ఒకటే కాదండీ. నేను కార్లీని కాపాడాను. ఆమెకు లీ గతం తెలుసు. మూడో భాగంలో ఆమె లీ దగ్గరకు వచ్చి, నీ గురించి నువ్వే వీళ్లకు చెప్పుకో, ఇంకొకరి నోట తెలిసే దాకా ఆగకు అని నచ్చజెబుతుంది. నేను ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి చెప్పాను. నేను మనిషిని చంపాను అన్న మాటను అతని గొంతులో, ఆ గొంతు ఇచ్చిన నటుడు డేవ్ ఫెనాయ్, పదేపదే విన్నాను. బోనులో నిలబడి ఆ మాట చెప్పినవాళ్లను నిజంగానే విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, గొంతు సరిగ్గా అలాగే కిందికి దిగుతుంది. ఇది జరిగిన కొద్దిసేపటికే కార్లీ లిల్లీ మొహం మీదే ఉన్నమాట అని, తూటాకు పోయింది. మా అమ్మాయి కాపాడిన డగ్ అలా పోలేదు. లిల్లీ బెన్ అనే కుర్రవాడికి గురిపెడితే, అతన్ని పక్కకు లాగబోయి డగ్ చనిపోయాడు. మా అమ్మాయి ఆటలో లీని ఒప్పుకోమని చెప్పే కార్లీ లేనే లేదు. చావుల జాబితాలో రెండూ చెరో గీతే. వాటిని జాబితాగా చదివితే ఆ మనుషులిద్దరూ కనపడరు.

ఈ ఆటలో నా మనసులో అన్నిటికంటే లోతుగా దిగిన సన్నివేశంలో ఎంపికే లేదు. మూడో భాగంలో వాళ్లు ఒక రైలు మీద పోతుంటారు. ఈ పిల్లను ఇలాగే ఉంచితే బతకదు అని దారిలో కలిసిన చక్ అనే మనిషి లీని హెచ్చరిస్తాడు. లీ క్లెమెంటైన్‌కు తుపాకీ పట్టుకోవడం నేర్పుతాడు, సీసాలు నిలబెట్టి కొట్టిస్తాడు. తర్వాత ఆమె జుట్టు కత్తిరిస్తాడు, ఎవరి చేతికీ చిక్కకుండా. కత్తిరించాలా వద్దా అని ఆట మనల్ని అడగదు. మనం చేయాల్సిందల్లా నొక్కడమే. ఒక్కో నొక్కుకూ కొంత జుట్టు కింద పడుతుంది. ఆ పాప గొంతు, మెలిస్సా హచిసన్ అనే నటి గొంతు, ఆ కాసేపూ కొంచెం పెద్దదైనట్టు అనిపించింది నాకు. చిన్నప్పుడు మా అమ్మాయి జుట్టు నేనే కత్తిరించేదాన్ని. తను నా పక్కనే కూర్చుని ఉంది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఐదో భాగంలో క్లెమెంటైన్‌ను ఎత్తుకుపోయిన మనిషి ఎదురవుతాడు. రెండో భాగం చివర్లో, రోడ్డు పక్కన ఎవరిదో కారు కనిపిస్తే అందులోని సామాను అందరూ తీసుకుంటారు. లీ వద్దన్నా మిగతావాళ్లు తీసుకునే తీరతారు. ఆ కారు ఇతనిదే. సవానా అనే నగరంలోని ఒక హోటల్ గదిలో లీని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెడతాడు. ఇన్నాళ్లూ నువ్వు ఏం చేశావు? ఎవరిని నొప్పించావు? పాప చూస్తుండగా ఏం చేశావు? అది అడ్డుప్రశ్నలు వేసే తీరు. తెలిసిన సంగతినే ముద్దాయి నోటితో చెప్పిస్తున్నాడు. నేను ఎప్పుడో చేసి మరిచిపోయినవి ఒక్కొక్కటే బల్ల మీదకు వచ్చాయి. పంచిన నాలుగు పొట్లాలు, ఆ ఉప్పు దిమ్మ, ఆ కారు అన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆ గదిలో ఏ జవాబు చెప్పినా తర్వాత జరిగేది ఒక్కటే. కానీ ఈ ఆట నన్ను ఇన్ని గంటలు దేనికి సిద్ధం చేసిందో నాకు అర్థమైంది అక్కడే.

లీ చివరికి చనిపోతాడు. నాలుగో భాగం చివరే అతనికి కాటు పడుతుంది. చేయి నరికేయించాలా అని అడుగుతారు. నేను నరికించాను. లాభం లేకపోయింది. లాభం లేదని ముందే తెలిసి ఉంటే నరికించేదాన్ని కాదా? ఆ పాపను వెతకడానికి ఇంకొక్క గంట దొరుకుతుందన్న ఆశ ఉంటే ఎవరైనా నరికిస్తారు.

ఇంత చెప్పాక వ్యాసకర్తతో ఏకీభవించే చోటు కూడా చెప్పాలి. ఆట మొదట్లో తెర మీద ఒక వాక్యం వస్తుంది, మీరు ఆడే తీరును బట్టి కథ మలుచుకుంటుంది అనే అర్థంతో. అది ఎక్కువ మాట్లాడిన మాట. ఆ వాక్యం నమ్మినవాళ్లు, షాన్ రెండోసారి కూడా చనిపోవడం చూసి మోసపోయామనుకోవడం న్యాయమే. ఆ వాక్యం లేకుండా ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదు.

అంతకంటే పెద్ద తప్పు, నా దృష్టిలో, టెల్‌టేల్ వాళ్లే చేసిన గేమ్ ఆఫ్ త్రోన్స్ ఆటలో ఉంది. 2014 డిసెంబరు నుంచి 2015 నవంబరు దాకా ఆరు భాగాలుగా వచ్చింది. టీవీ సీరియల్ హక్కులతో చేసిన కథ కాబట్టి సెర్సీ, టిరియన్, రామ్సే అందులో కనిపిస్తారు, వాళ్లకు మనం ఏమీ చేయలేం. ఆ సంగతి పక్కన పెడతాను. ఫారెస్టర్ కుటుంబం పెద్దగా ఈథన్ అనే పిల్లవాడు బాధ్యత తీసుకుంటాడు. డంకన్, రోయలండ్ అనే ఇద్దరిలో ఒకరిని ముఖ్య సలహాదారుగా నియమించాలి. మొదటి భాగం చివర్లోనే రామ్సే ఈథన్‌ను చంపేస్తాడు. నియామకం మాత్రం నిలుస్తుంది. కుటుంబంలో ఒక ద్రోహి ఉన్నాడని తర్వాత తెలుస్తుంది. ఐదో భాగంలో ఆ ద్రోహి ఎవరో బయటపడుతుంది. మనం నియమించని రెండో వ్యక్తే ద్రోహి. డంకన్‌ను నియమిస్తే రోయలండ్, రోయలండ్‌ను నియమిస్తే డంకన్.

ఇక్కడ ఎంపిక ఫలితాన్ని నిజంగానే మార్చింది. వ్యాసకర్త కొలతతో చూస్తే ఇదే మంచి ఆట కావాలి. నాకు మాత్రం ఒళ్లు మండింది. డంకన్ ఆలోచనాపరుడు, రోయలండ్ కత్తి పట్టేవాడు. ఇద్దరూ పూర్తిగా వేర్వేరు మనుషులు. ద్రోహం చేసినవాడికి ద్రోహానికి తగిన కారణం ఉండాలి, అది అతని స్వభావంలో నుంచి రావాలి. మిగిలిపోయినవాడి పేరు ఖాళీలో నింపినట్టు నింపేశారు. ఒకే వాంగ్మూలం టైపు చేసి పెట్టుకుని, పేరు దగ్గర చుక్కలు వదిలి, దొరికినవాడి పేరు రాసుకున్న కాగితాలు ఎలాంటివో నాకు తెలుసు. లీ హత్య చేశాడన్నది మారదు కాబట్టే, అతని ఒప్పుకోలుకు బరువు ఉంది. ఇక్కడ జరిగిన సంగతే మన ఎంపికను బట్టి మారిపోతుంటే, ఎవరి మాటకు విలువ ఉంటుంది?

మరోవైపు, కంచె లోపలే గొప్పగా కదిలిన ఆట కూడా అదే సంస్థ చేసింది. బ్యాట్‌మన్: ది ఎనిమీ విదిన్, 2017, 2018లలో వచ్చింది. జోకర్ ఎవరో లోకానికంతా తెలుసు. అతను ఈ ఆటలో ఇంకా జోకర్ కాలేదు. జాన్ డో అనే పేరుతో, స్నేహం కోసం తహతహలాడే మనిషి. మనం అతనితో నిజాయితీగా ఉన్నామా, అవసరానికి వాడుకున్నామా అన్నదాన్ని బట్టి చివరి భాగం రెండు రకాలుగా నడుస్తుంది. ఒకదానిలో అతను తన పద్ధతిలో నేరస్థుల మీద పోరాడేవాడవుతాడు, రెండోదానిలో శత్రువవుతాడు. రెండింట్లోనూ జోకర్ అవుతాడు, అది తప్పదు. ఎలాంటి జోకర్ అన్నది మన స్నేహాన్ని బట్టి వచ్చింది, అతని స్వభావంలో రెండింటికీ మొదటి నుంచీ చోటు ఉంది. మా అమ్మాయి ఇది ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. అతను ఫోను చేసినప్పుడల్లా తీయమని నేనే తొందరపెట్టాను.

ఎంపికలు బూటకమని జనం కనిపెట్టారు కాబట్టే ఆ సంస్థ మూతపడిందని వ్యాసం ముగించారు. 2017 నవంబరులో 90 మందిని తీసేశారు. 2018 సెప్టెంబరు 21న దాదాపు అందరినీ పంపేసి ఓ పాతిక మందిని మిగుల్చుకున్నారు. ఒకరి తర్వాత ఒకరి హక్కులు తీసుకుని, అదే గీత, అవే నాలుగు జవాబులు, అదే అచ్చులో పోస్తూ పోవడం చూసేవాళ్లను విసిగించిందంటే ఒప్పుకుంటాను. అరువు కథకు ఇంకో ప్రమాదమూ ఉంది. మైన్‌క్రాఫ్ట్ మీద చేసిన ఆటను 2019లో అమ్మకం నుంచే తీసేశారు. కానీ మూతపడ్డ రోజున జరిగింది ఇదొక్కటే కాదు. క్లెమెంటైన్ కథను కొనసాగించిన ఆటల్లో చివరి విడత అప్పుడు నడుస్తోంది. నాలుగు భాగాల్లో ఒకటే విడుదలైంది, రెండోది వారం తిరగకముందే వచ్చింది. మిగతా రెండూ ఆగిపోయాయి. కిర్క్‌మన్‌కు చెందిన స్కైబౌండ్ అనే సంస్థ ముందుకొచ్చి, పాత సంస్థలో పనిచేసినవాళ్లలో కొందరిని మళ్లీ కూర్చోబెట్టి, 2019 జనవరిలో ఒకటి, మార్చిలో ఒకటి పూర్తిచేయించింది. ఉద్యోగం పోయినవాళ్లు తిరిగి వచ్చి ఆ పిల్ల కథ ముగించారు. బూటకమని తెలిసిన పనికి ఎవరైనా అలా తిరిగి వస్తారా?

ఆ చివరి విడతలో క్లెమెంటైన్ పెద్దదైంది. ఏజే అనే చిన్నవాడిని తనే పెంచుతోంది. ఇప్పుడు గుర్తుంచుకునేది ఆ పిల్లవాడు. తలకు గురిపెట్టాలి అని ఆమె నేర్పింది కాబట్టి, మొదటి భాగం చివర్లో మార్లన్ అనే బతికున్న మనిషికే గురిపెట్టి కాల్చేస్తాడు. కష్టమైన నిర్ణయాలు నువ్వే తీసుకోగలవని నమ్ముతున్నాను అని అతనికి చెప్పాలా వద్దా అన్న ప్రశ్న తర్వాత వస్తుంది. ఆ మాటను బట్టి ఒక వంతెన మీద ఎవరు బతుకుతారన్నది మారుతుంది. ఇది నిజంగానే ఫలితం మార్చే ఎంపిక, వ్యాసకర్తకు నచ్చాల్సినది. నాకూ నచ్చింది, వేరే కారణానికి. ఆ ప్రశ్న వచ్చినప్పుడు నేను గీత అయిపోయే దాకా ఆగాను. మా అమ్మాయి నా మొహం వైపు చూస్తోంది. తను ఉద్యోగానికి వేరే ఊరు వెళతానన్నప్పుడు నేను ఏమన్నానో మా ఇద్దరికీ గుర్తే.

సంపాదకులకు ఒక విన్నపం. ఇలాంటి ఆటల మీద మళ్లీ రాయించినప్పుడు, ఎన్ని ముగింపులు ఉన్నాయో లెక్కపెట్టిన వివరంతో పాటు, రాసినవారు ఏం ఎంచుకున్నారో కూడా రాయమని చెప్పండి. ఆ వ్యాసమంతా వెతికాను, ఆయన షాన్ వైపు పరిగెత్తారో డక్ వైపు పరిగెత్తారో ఎక్కడా లేదు. లీ గతం ఎవరికి చెప్పారో లేదు. మాంసం గదిలో ఎవరి పక్కన కూర్చున్నారో లేదు. ఆయన పదే పదే ఆడి అన్ని దారులూ చూశారని మాత్రం ఉంది. మొదటిసారి ఆడినప్పుడు, ఇంకా ఏ దారి ఎటు పోతుందో తెలియనప్పుడు, ఆ మోటెల్ ముందు ఆ నాలుగూ ఎవరెవరికి ఇచ్చారో తెలుసుకోవాలని ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు స్టెనోగ్రాఫర్